అమ్మ గదికి రెండు టన్నులు

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాదికి వేసిన స్కిట్ చూశారుగా, పంచాంగ శ్రవణం అయ్యాక భోజనాలకి ముందు వేసింది. శ్రీకాకుళం ముసలమ్మ ఏసీలోంచి ఐసు గీకి మజ్జిగలో వేసుకుంటూ "ఏటి బావూ, ఇది ఫ్రిజ్జు కాదేటి" అనగానే హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. పక్కనున్న మా చిన్నాడు "మామ్మ కూడా ఇలాగే మాట్లాడుతుంది కదా నాన్నా" అన్నాడు, ఆ తర్వాత పులిహోర గొంతు దిగలేదు.

యాస గొడవ మళ్లీ ఎత్తను. ఏటా ఎవరో ఒకరు ఎత్తుతారు, కల్చరల్ కమిటీ "సరదాకి కదండీ" అంటుంది, అయిపోతుంది. నా బాధ ఐసు గురించి. ఏసీలో ఐసు మా ఇంట్లో నిజంగానే కట్టింది, కట్టేలా చేసింది నేను.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా ఇల్లు. అమ్మ పడుకునే గది 10 అడుగులకి 11, ఒక టన్ను ఏసీ చాలు. నేను ఇక్కణ్ణుంచి షాపువాడికి ఫోన్ చేసి 2 టన్నులది బిగించమన్నాను, వాడెందుకు వద్దంటాడు? రెండేళ్లుగా ఊరెళ్లలేదు, ఆ గిల్టంతా టన్నుల్లో తీర్చేశాను.

అది పది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోయేది. బాగానే ఉందిగా అనుకుంటాం, కానీ మన వైపు ఎండ కన్నా ఉక్కే ఎక్కువ చంపుతుంది, గాల్లో తడి పోవాలంటే ఏసీ చాలాసేపు నడవాలి. ఇది గబగబా చల్లార్చి ఊరుకుంటుంటే అమ్మ ఒళ్లు జిడ్డుజిడ్డుగానే ఉండేది. అందుకని 24 నుంచి 18కి దించింది. గాలి మొహానికి కొడుతోందని ఏసీ ఫ్యాను బాగా తగ్గించింది. దుమ్ము పడకుండా ఏసీ నెత్తిన పాత చీర ముక్క కప్పింది, టీవీకీ మిక్సీకీ కప్పినట్టే. స్ప్లిట్ ఏసీ గాలి పీల్చుకునేది నెత్తిమీంచే మరి! ఫోన్లో గట్టిగా తిట్టాను. మా నాన్న కొన్న రేడియో ఇప్పటికీ పాడుతోందంటే ఇలాంటి గుడ్డముక్క వల్లేనని అప్పుడు గుర్తు రాలేదు.

వెచ్చటి గాలి తగలకపోతే లోపలి కాయిల్, అంటే గాలిని చల్లార్చే గొట్టాల చుట్ట, సున్నా డిగ్రీల కిందకి పోతుంది, దానికి పట్టిన నీరు కిందకి కారకుండా గడ్డకడుతుంది, ఆ గడ్డ అడ్డం పడి గాలి ఇంకా తగ్గుతుంది, ఇక ఆగదు. ఓ తెల్లవారుజామున అమ్మ ఫోన్: "ఒరే, ఏసీ ఏటో కక్కుతోందిరా."

ఇద్దరు మెకానిక్కులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, గ్యాస్ అయిపోయిందని నింపి డబ్బులు పట్టుకెళ్లారు. గ్యాస్ తక్కువైనా ఐసు కడుతుంది, నిజమే, కానీ బండిలో పెట్రోల్‌లాగా అది ఖర్చయిపోదు, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఇద్దరిలో ఒక్కడూ లీకు వెతకలేదు. మూడోసారి వచ్చిన కుర్రాడు ముందు చీర ముక్క తీశాడు, ఫిల్టర్ ఊడదీసి ట్యూబ్‌లైటు వైపు పట్టి వీడియో కాల్‌లో నాకు చూపించాడు, ఒక్క చుక్క వెలుగు రాలేదు. కాయిల్ మరీ చల్లబడితే కంప్రెసర్‌ని ఆపాల్సిన చిన్న సెన్సర్ క్లిప్పులోంచి జారి వేలాడుతోంది. అమ్మ ఐసు గీకమని అట్లకాడ తెచ్చిస్తే "వద్దమ్మా, రేకులు వంగిపోతాయి, పైపుకి చిల్లు పడుతుంది" అని, కూలింగ్ ఆపేసి ఉత్త ఫ్యాను మీద వదిలేశాడు. దానంతటదే కరిగింది.

అట్లకాడ దాకా విని నవ్వేవాళ్లు మా అమెరికా ఇంటి సంగతి కూడా వినాలి. పాత 3.5 టన్నుల యూనిట్ తీయించి, త్వరగా చల్లబడుతుందని 5 టన్నులది పెట్టించాను, గదులకి గాలి మోసే డక్టులు మాత్రం పాతవే. టన్నుకి నిమిషానికి దాదాపు 400 ఘనపుటడుగుల గాలి కావాలి, అంటే 5 టన్నులకి 2,000. 1,400కి వేసిన డక్టుల్లోంచి అదెలా వస్తుంది? పైగా పూజ గదిలో దీపం ఆరిపోతోందని వెంట్ మూసేశాం, చుట్టాలొస్తే తప్ప వాడని గదుల్లోనూ మూసేశాం, ఫిల్టర్ మా పోపు పొగలకి జిడ్డట్టలా తయారైంది. జులైలో కాయిల్ తెల్లగా గడ్డకట్టి కూర్చుంది. టెక్నీషియన్ ముందే మా ఆవిడ "నువ్వేం గుడ్డ కప్పలేదు కదా" అంది.

స్కిట్ రాసినవాళ్లు మంచివాళ్లే, నాకు తెలుసు, ఐసు జోకు నిజంగానే పేలింది. కొత్త ఇన్వర్టర్ ఏసీలు కంప్రెసర్ వేగం తగ్గించుకుని నడుస్తాయి కాబట్టి సైజు అటూఇటూ అయినా కొంత ఓర్చుకుంటాయి, అదీ ఒప్పుకుంటాను. కానీ ఈ ఎండలకి మనలో చాలామంది మళ్లీ డబ్బు పంపబోతున్నాం. దయచేసి గది కొలత అడగండి, పడమటి కిటికీ ఉందా, నెత్తిన డాబా ఉందా అడగండి, రెండు వారాలకోసారి వీడియో కాల్ చేసి ఎవరో ఒకరి చేత ఫిల్టర్ కుళాయి కింద కడిగించండి. అమ్మని తిట్టకండి.

మా 2 టన్నులది ఇప్పుడు పెద్ద హాల్లో ఉంది. అమ్మ గదిలో ఒక టన్ను, 24 మీద. దీపావళికి మళ్లీ స్కిట్ వేస్తే ఐసు చూసి బిత్తరపోయే పాత్ర ఉంచండి, యాసా ఉంచండి, కాకపోతే ముసలమ్మకి బదులు అమెరికా కొడుకుని పెట్టండి. రిహార్సల్‌కి నేనొస్తాను.