పదిహేడో గది

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మారి, మాటలతో కథ నడుపుతూ ఆడే రోల్ ప్లేయింగ్ ఆటలకు ఒక పత్రిక పెడదామని ఎవరైనా అంటే, ఆ మాట అన్నవాణ్ణి కాదు, పక్కన తలూపుతున్నవాళ్ళని చూడాలి. వాళ్ళలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ప్రపంచం ఉంటుంది. రాజవంశాలు, దేవుళ్ళ దాయాది తగాదాలు, మరుగుజ్జుల తూనికలు కొలతలు, డ్రాగన్ల చుట్టరికాలు అన్నీ నోటు పుస్తకాల్లో రాసిపెట్టుకుని ఉంటారు. ఇన్నాళ్ళూ వాటిని చదివే దిక్కు లేదు. ఇప్పుడు పత్రిక వస్తోంది.

ఆటగాళ్ళు ఒక రాత్రి తలదాచుకోవడానికి పనికొచ్చేలా ఓ సత్రం గురించి వెయ్యి పదాల్లో రాసిమ్మని మా బృందంలోని ఒకాయన్ని అడిగాం. వచ్చిన వ్యాసం సృష్టి ఆరంభంతో మొదలైంది. సముద్రాలు పుట్టాయి, ఖండాలు విడిపోయాయి, రెండు మహా సామ్రాజ్యాలు మట్టిగొట్టుకుపోయాయి. చివరి పేజీలో ఒక తాపీమేస్త్రీ పునాదికి కొలతలు తీస్తున్నాడు.

"సత్రం ఎక్కడండీ?" అని అడిగాం.

"అది రెండో భాగంలో కదండీ వచ్చేది" అన్నాడాయన, మా తొందర చూసి జాలిపడుతూ.

ఈ జబ్బు మాతో మొదలైంది కాదు. ఈ ఆటల్లో పేరుమోసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. ఆ మరుసటి ఏడాదే దాన్ని అచ్చేసిన టీఎస్ఆర్ సంస్థ ఒక చిన్న పత్రిక మొదలుపెట్టింది. 1976 జూన్‌కల్లా 'ది డ్రాగన్' వచ్చేసింది. అంటే ఆట ఇంకా సరిగ్గా అర్థం కాకముందే దాని మీద రాయడానికి జనం సిద్ధమైపోయారన్నమాట. వీళ్ళందరిలో తెలివైన పని చేసింది లీ గోల్డ్ అని నా అభిప్రాయం. ఆవిడ 1975లో మొదలుపెట్టిన 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్'లో ఎవరు రాసుకున్న పేజీలు వాళ్ళవే. అన్నీ ఒకచోట చేర్చి అందరికీ పంపడం, వచ్చే సంచికలో ఒకరి రాతల మీద ఒకరు వ్యాఖ్యలు రాసుకోవడం, అంతే. రాసేవాళ్ళ తగవులు రాసేవాళ్ళే తీర్చుకుంటారు. ఆ పత్రిక 2025 దాకా బతికింది. 'ది డ్రాగన్' అచ్చు సంచికలు మాత్రం 2007లోనే ఆగిపోయాయి. 1977లో పుట్టిన 'వైట్ డ్వార్ఫ్' మొదట్లో రకరకాల ఆటల గురించి రాసేది. 1980ల చివరికొచ్చేసరికి తన సొంత కంపెనీ బొమ్మల యుద్ధాలకే పరిమితమైపోయింది. దాన్ని తిట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ, ఎడిటర్ కుర్చీలోంచి చూస్తే అందులో ఒక సుఖం కనిపిస్తుంది. ఆట ఒకటే అయితే తగువూ ఒకటే.

మేం ఏ తెలివైన దారీ పట్టలేదు. అన్ని ఆటలూ వేస్తాం, అందరి వ్యాసాలూ దిద్దుతాం అని మొదటి సంచికలోనే ప్రకటించాం.

మిగతా పత్రికల్లో ముద్రారాక్షసం ఎవర్నీ చంపదు. ఇక్కడ చంపుతుంది. ఒక కప్ప జాతి రాక్షసికి 18 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) ఉండాల్సిన చోట 180 అని పడితే, ఎక్కడో ఒక బల్ల దగ్గర నలుగురు వీరులు పిట్టల్లా రాలిపోతారు. ఆ నలుగుర్నీ ఆడినవాళ్ళు మర్నాడు ఉత్తరం రాస్తారు. పెద్ద సంస్థలకూ ఈ బాధ తప్పలేదు. 1990ల్లో టీఎస్ఆర్ తమ మంత్ర వస్తువుల సర్వస్వంలో 'మేజ్' అన్నచోటల్లా 'విజర్డ్' అని మార్చమని కంప్యూటర్‌కి చెప్పింది. అది విధేయురాలు. 'డ్యామేజ్'ని కూడా 'డావిజర్డ్' చేసిపెట్టింది. పుస్తకం అలాగే అచ్చయింది.

మాకు వచ్చిన నిధుల పట్టిక ఇంకా గొప్పది. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, మొత్తం కూడి, ఆ అంకెకు ఎదురుగా ఉన్న వస్తువు తీసుకోవాలి. పట్టిక 1 నుంచి 12 దాకా ఉంది. రెండు పాచికల మొత్తం ఒకటి ఎలా అవుతుందని రాసినాయన్ని అడిగాం. పట్టికలోకెల్లా విలువైన ఖడ్గం అక్కడే ఉంది మరి.

"అంత గొప్ప ఖడ్గం అంత సులువుగా దొరుకుతుందా?" అన్నాడు.

దానికి జవాబు దొరక్క అలాగే వేసేశాం. ఒక ఆటగాడు ఇప్పటికీ ఆ పాచికలు వేస్తూనే ఉన్నాడని విన్నాను.

ఇక పేజీల లెక్క. మధ్యలో పిన్ను కొట్టే పత్రికలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి, తగ్గుతాయి. ఒక సంచిక పేజీలు కట్టి చూస్తే 37 తేలాయి. 37 పేజీల పత్రిక ఈ భూమ్మీద లేదు. ఒక పేజీ తీసెయ్యాలి, లేదా ఇంకో మూడు నింపాలి. ఎవరైనా ఓ పేజీ తగ్గించుకుంటారా అని అడిగితే ఒక్కరి నుంచీ చప్పుడు లేదు. మూడు పేజీలు ఖాళీ ఉన్నాయన్న పుకారు మాత్రం ఎలా పుట్టిందో, సాయంత్రానికి సత్రం రెండో భాగం వచ్చేసింది.

ఆఖరికి పేజీలు కట్టే మిత్రుడు ఒక ఉపాయం చేశాడు. ఒక డంజన్‌కి, అంటే ఆటగాళ్ళు గది గదీ వెతుక్కుంటూ తిరిగే నేలమాళిగకి, వేసిన నిండు పేజీ పటాన్ని సగానికి కుదించాడు. కుదించాక ఉత్తరం ఎటో చూపే దిక్కుల చక్రానికి చోటు చాల్లేదు. ఒక మూలగా జరిపాడు. పేజీలు 36కి వచ్చాయి. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ మూలలో 17వ గది ఉంది.

పటంలో 16 తర్వాత 18. వ్యాసంలో మాత్రం "ఇనుప తలుపు తాళంచెవి 17వ గదిలో ఉంది" అని రెండుసార్లు, "17లో నిద్రపోతున్నదాన్ని లేపవద్దు" అని ఒకసారి ఉంది. మామూలుగా మా పత్రికకు వచ్చే ఉత్తరాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ నెల సంచి నిండింది. ఒక బృందం 16వ గది గోడను తవ్వడానికి కూలీలను పెట్టుకుంది, ఆ కూలీలిప్పుడు సమ్మెలో ఉన్నారు. ఇంకో బృందం ఆ గది అదృశ్యంగా ఉందని తీర్మానించి, దాని గుమ్మం ముందు కాపలా కాస్తోంది. బల్ల దగ్గర ఆట నడిపించే ఒక గేమ్ మాస్టర్ అయితే ఇది కావాలని పెట్టిన పజిలే అనుకుని, ఇంత సూక్ష్మమైన రచన ఈ మధ్య చదవలేదని మెచ్చుకున్నాడు. డంజన్ రాసినాయన ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించుకున్నాడు.

వచ్చే సంచికలో సవరణ వేశాం: "17వ గది దిక్కుల చక్రం కింద ఉంది. పాఠకులు గమనించగలరు."

పాఠకులు గమనించారు. "కింద అంటే కింది అంతస్తా? అయితే ఆ అంతస్తు పటం ఏది? మెట్లు ఎటువైపు?" దిక్కుల చక్రాన్ని ఎవరో శక్తిమంతుడు అక్కడ పాతిపెట్టిన మంత్రయంత్రంగా భావించిన బృందాలు అప్పటికే దాని చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాయి. మెచ్చుకున్న గేమ్ మాస్టర్ మాత్రం నొచ్చుకున్నాడు. తన బల్ల దగ్గర 17వ గది గత జన్మలో మాత్రమే ఉండేదని ఆటగాళ్ళు ఎంతో కష్టపడి కనుక్కున్నారట. మా సవరణను సవరించమని అడిగాడు.

సమావేశం పెట్టుకున్నాం. అంకెలతోనే ఈ గొడవంతా, ఇకనుంచి గదులకు అక్షరాలు పెడదామని పటాలు గీసేవాడు అన్నాడు. అ, ఆ, ఇ, ఈ. ఎవరూ తప్పు పట్టలేని ఆలోచన. కొత్త డంజన్ రాసినాయన తన వాచకంలో ఉన్నట్టు ఋ గది అవగానే ఎ గది రాసుకున్నాడు. గీసేవాడు పెద్దబాలశిక్షలో అక్షరాలు దిద్దుకున్నవాడు. ఋ పక్కన ౠ, ఌ, ౡ అని మూడు గదులు చక్కగా గీశాడు, తలుపులతో సహా. ఎ గదికి వెళ్ళాలంటే వాటిలోంచే దారి. ఇది బయటపడేసరికి సంచిక ప్రెస్సు దాటిపోయింది.

ఆ మూడు గదుల్లో ఏముందని ఉత్తరాలు అప్పుడే మొదలయ్యాయి. ఒకాయన మాత్రం ఏమీ అడగలేదు. తన దొంగ ౡ గదిలోకి వెళ్ళి తిరిగి రాలేదనీ, కొత్త పాత్ర తయారుచేసుకుంటున్నాననీ, ఖాళీ క్యారెక్టర్ షీటు ఒకటి పంపమనీ రాశాడు.