మావయ్యకి ఇంకా మత్తు దిగలేదు

మన ఇళ్ళల్లో జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్తారు, పన్ను నొప్పి వస్తే మాత్రం పోపుల డబ్బా దగ్గరికి వెళ్తారు. లవంగం పెట్టుకో, ఉప్పునీళ్ళు పుక్కిలించు, జామాకు నములు. లవంగాన్ని తీసిపారేయక్కర్లేదు, అందులో ఉండే యూజెనాల్ కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, కానీ పంట్లో గొయ్యి పడ్డాక లవంగం వచ్చి పూడ్చదు కదా.

మా తెనాలి మావయ్య ఆరు నెలలు ఈ వైద్యంతోనే నెట్టుకొచ్చాడు. మొదట్లో చల్లటి నీళ్ళు తగిలితే ఒక్క క్షణం జివ్వుమని ఊరుకునేది. అప్పుడే వెళ్ళుంటే పుచ్చు గీకేసి సిమెంటు పెట్టి పంపేసేవాళ్ళు. వెళ్ళలేదు. తర్వాత వేడి కాఫీ తాగినా లాగడం, ఆ లాగడం చాలాసేపు వదలకపోవడం, చివరికి ఏమీ తినకుండా తాగకుండా పడుకున్నా దానంతట అదే మొదలవడం. రాత్రిళ్ళే ఎందుకంటే పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరుతుంది, పంటి లోపల వాచిన నరానికి ఇంకాస్త ఉబ్బడానికి చోటుండదు, చుట్టూ రాయిలాంటి గోడలాయె.

సరిగ్గా కూతురి పెళ్ళిచూపులకి ముందు రాత్రి పన్ను పూర్తిగా తిరగబడింది. మావయ్య దవడ పట్టుకుని హాల్లో పచార్లు. ఎవరో చెప్పారని నొప్పి బిళ్ళ నలిపి చిగురు మీద అద్దుకున్నాడు. నొప్పి తగ్గలేదు సరికదా చిగురు కాలి తెల్లగా పొక్కింది. బిళ్ళ మింగడానికి గానీ పూయడానికి కాదని ఆ చెప్పినాయన చెప్పలేదు. బామ్మగారు మంచం మీద నుంచే, "పీకించుకోకురా, కళ్ళు పోతాయి" అంది. పంటి నరానికీ చూపు నరానికీ సంబంధమే లేదు. పళ్ళు పీకించుకునే వయసూ చత్వారం వచ్చే వయసూ ఇంచుమించు ఒకటే కాబట్టి నింద పన్ను మీద పడింది, అంతే.

ఆదివారం పొద్దున్న నేనే బండి మీద తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే తీసి, పుచ్చు నరం దాకా వెళ్ళిపోయింది, ఇప్పుడు సిమెంటు పెడితే నొప్పిని లోపల పెట్టి తలుపేసినట్టే అన్నాడు. పీకెయ్యమన్నాడు మావయ్య. పన్ను నిలబెట్టడానికి ఏమీ మిగలనప్పుడు పీకుతాం, మీకు గోడలు గట్టిగానే ఉన్నాయి, రూట్ కెనాల్ చేద్దాం అన్నాడు డాక్టరు. కింది దవడ పన్నుకి మామూలుగా రెండు వేళ్ళు, మూడు కాలువలు ఉంటాయట. వాటిలో పాడైన నరం తీసేసి, సన్నటి ఫైళ్ళతో శుభ్రం చేసి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపి, పైన క్యాప్ వేస్తారు. ఇవాళ నరం తీసి తాత్కాలికంగా మూసేస్తా, మిగతాది వచ్చే వారం అన్నాడు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చేశాక మాత్రం మావయ్య హాయిగా పడుకున్నాడు, ఒక దశలో గురక కూడా వినిపించింది.

వచ్చేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు, పెదవీ నాలుకా రెండు మూడు గంటలు మొద్దుబారే ఉంటాయి, అందాకా ఏమీ నమలొద్దు, వేడివి తాగొద్దు అని. పెళ్ళివారు నాలుగింటికి కదా, ఈలోపు దిగిపోతుందిలే అనుకున్నాం. కానీ ఆదివారం నాలుగున్నరకి రాహుకాలం అని వాళ్ళకి దారిలో గుర్తొచ్చిందట, ఒంటిగంటకే దిగారు.

మావయ్య పట్టు పంచె సర్దుకుని గుమ్మంలో నిలబడి, "రండి వావగారూ, వా అవ్వాయి లోఫలుంది" అన్నాడు. మూతి ఎడమ పక్కకి జారి ఉంది. నోట్లోంచి లవంగం వాసన. పెళ్ళికొడుకు బాబాయి గారు పక్కనున్నాయన్ని మోచేత్తో పొడవడం నేను చూశాను.

మర్యాద కొద్దీ మావయ్య కాఫీ కూడా తీసుకున్నాడు. సగం లోపలికి, సగం చొక్కా మీదికి. ఆయనకి తెలియదు. పెళ్ళికొడుకు తండ్రి చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, "ఎప్పట్నించండీ ఇలా?" అన్నారు. ఇక్కడి నుంచి మావయ్య పలికింది పలికినట్టు రాస్తే చదవలేరు కాబట్టి మామూలుగానే రాస్తున్నా.

"ఆరు నెలలైందండీ. మొదట్లో చల్లటిది తాగినప్పుడే."

"ఇప్పుడు?"

"ఇప్పుడు రాత్రయితే చాలు. నిన్నయితే తెల్లార్లూ. ఇక తట్టుకోలేక పొద్దున్నే వెళ్ళిపోయా."

"పొద్దున్నేనా? ఇవాళ?"

"ఆదివారం కూడా తెరిచే ఉంచుతాడండీ, మంచివాడు. ఇంకా మత్తు దిగలేదు."

పెళ్ళికొడుకు తల్లి పర్సు చేతిలోకి తీసుకుంది. నేను నోరు తెరిచేలోపే, మర్యాదగా ఉంటుందని మావయ్య లడ్డూ కూడా కొరికాడు, లడ్డూతో పాటు పెదవీ కొరుక్కున్నాడు. రక్తం చూసి అత్తయ్య కెవ్వుమంది. అప్పుడు లోపల్నించి మా మరదలు, ఎవరూ పిలవకుండానే చీర కుచ్చిళ్ళు పట్టుకుని బయటికొచ్చేసి, "నాన్నకి రూట్ కెనాల్ చేశారండీ, తాగలేదు" అంది. పెళ్ళికొడుకు అంతవరకూ ఫోను చూస్తున్నాడు, తలెత్తి నవ్వాడు.

అంతే, పెళ్ళిచూపులు పళ్ళచూపులైపోయాయి. కట్నకానుకలు, జాతకాలు అన్నీ పక్కకి పోయాయి. పెళ్ళికొడుకు బాబాయికి జ్ఞానదంతం అడ్డంగా మొలిచి పక్క పన్నుని నెడుతోందట, నోరు కూడా సరిగా తెరవలేకపోతున్నాడట, ఇక అది తీయించుకోక తప్పదన్నమాట. తండ్రి గారికి బ్రష్ చేస్తే చిగుళ్ళ నుంచి రక్తం. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయని భయపడి ఏళ్ళ తరబడి ఆగారు. "గార తీస్తే కదలవండీ, గార పేరుకుని చిగురు వదిలేస్తేనే కదులుతాయి. గార పోయాక సందులు తెలుస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది" అంది మరదలు. కోడలు పిల్ల బాగా చదువుకుందని పెళ్ళికొడుకు తల్లి పర్సు మళ్ళీ పక్కన పెట్టింది.

సంబంధం కుదిరింది. వచ్చే వారం మావయ్య రెండో సిట్టింగుకి వెళ్తే, క్లీనింగుకి కాబోయే వియ్యంకుడూ అక్కడే ఉన్నారు. డాక్టరు లోపలికి రమ్మన్నాడు.

"మీరు ముందు కూర్చోండి బావగారూ."

"అయ్యో, అంత మాటా? పెళ్ళివారు మీరు, మీరు ముందు."

"ఆడపిల్ల తండ్రి మీరు, మీకు పనులుంటాయి."

ఇద్దరూ కుర్చీకి చెరో పక్క నిలబడి దండాలు పెట్టుకుంటుంటే, పాలపన్ను కదులుతోందని వాళ్ళమ్మ తీసుకొచ్చిన బుడ్డోడొకడు మధ్యలోంచి దూరి కుర్చీ ఎక్కి నోరు తెరిచాడు.