జీడితోట ఉన్నా లేనివాళ్ళమే అనుకున్నాం
పొదుపు ఎక్కువైన ఇళ్ళల్లో పిల్లలకు 'మనం లేనివాళ్ళం' అన్న భావన నాటుకుపోతుందని, అది పెద్దల పిసినారితనం వల్లేనని పొదుపు మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. మొదటి ముక్క నిజమే, రెండోది ఒప్పుకోను. మాది శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఉద్దానం ప్రాంతం. జీడితోట ఉంది, కొబ్బరి ఉంది, అప్పు లేదు. అయినా మా దృష్టిలో డబ్బున్నవాళ్ళంటే కొట్లో బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కునేవాళ్ళే. పక్కింటి బంట్రోతుగారు మాకు జమీందారులా కనబడేవారు, వాళ్ళు పొద్దున్నే బ్రెడ్డు తింటారని! వాళ్ళ పిల్లలేమో మా ఇంట్లో జీడిపప్పు చూసి నోరెళ్ళబెట్టేవారు. మంచి పిక్కలన్నీ, అంటే పెంకు తీయని జీడిగింజలన్నీ, 80 కిలోల బస్తాల్లో అమ్మకానికి పోయేవి. మాకు దక్కేవి ఏరి పక్కన పడేసిన చిన్న పిక్కలు. వాటినే పెరట్లో కాల్చి, రాయితో కొట్టుకుని తిని, వేళ్ళకు జీడి మరకలతో బడికి పోయేవాళ్ళం. అంత బిగింపు ఎందుకంటే, వేసవిలో చేతికొచ్చిన పిక్కల డబ్బుతోనే మళ్ళీ వేసవి దాకా గడవాలి. పూత మాడితే ఆ ఏడాది అంతే సంగతులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని పడగొట్టినప్పుడు మమ్మల్ని నిలబెట్టింది నాన్న పోస్టాఫీసులో దాచిన డబ్బే. జీడిచెట్టు మళ్ళీ నాటితే మర్నాడే కాయదు కదా. నెల జీతం ఇంటి పొదుపునీ రైతు ఇంటి పొదుపునీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. పిల్లలకు ఇంటి లెక్కలు చెప్పాలని వ్యాసంలో ఇచ్చిన సలహా బాగానే ఉంది గానీ, పంట చేతికొచ్చేదాకా నాన్నకే తెలియని లెక్క మాకేం చెబుతాడు?