కన్సెంట్ ఫారం గారికి, పేషెంట్ తాలూకు రాయునది

మహారాజశ్రీ కన్సెంట్ ఫారం గారికి నమస్కరించి రాయునది ఏమనగా, తమరు క్షేమం, తమరిని అచ్చేయించిన ఆసుపత్రి క్షేమం. మా క్షేమసమాచారం డిశ్చార్జి సమ్మరీలో చూసుకోగలరు. అదీ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి తమకు ఇబ్బంది ఉండదు.

తమరితో మాకు పరిచయం పాతదే గానీ ముఖాముఖి ఎప్పుడూ జరగలేదు. ఎప్పుడు కలిసినా తమరు మొహం ఫైలు లోపలికి మడుచుకుని, అడుగుభాగం మాత్రమే చూపిస్తారు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో ఇంటూ మార్కు, దాని పక్కన నర్సమ్మ వేలు. "ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనకాల ఇంకోటి." డాక్టరు పేరు రాయాల్సిన గీత ఖాళీ. ఏ ఆపరేషనో రాయాల్సిన గీతా ఖాళీయే. సాక్షి సంతకం మాత్రం అప్పటికే పడి ఉంటుంది. నేనింకా పెన్ను పట్టుకోకముందే నేను సంతకం పెట్టడం కళ్ళారా చూసిన ఆ మహానుభావుడెవరో ఈ జన్మలో తెలుసుకోలేం.

ఒకప్పుడు తమరింత లావు లేరు. "ఏం జరిగినా మాదే పూచీ" అని ఒక్క వాక్యం, కింద వేలిముద్ర, అంతే. 1995లో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తీర్పిచ్చింది. అప్పటినుంచి తమరికి ఒళ్ళు చేయడం మొదలైంది. కడుపుకు కన్నం పెట్టి చేసే ఆపరేషన్లు రాగానే ఒక పేరా పెరిగింది. టెస్ట్‌ట్యూబ్ బిడ్డలతో కొన్ని పేజీలు పెరిగాయి. ఇప్పుడు రోబోలొచ్చాయి, స్కాన్ చూసి జబ్బు చెప్పే సాఫ్ట్‌వేర్లొచ్చాయి, జన్యు పరీక్షలొచ్చాయి. వైద్యం ఎంత కొత్తదైతే తమరి అక్షరం అంత చిన్నదవుతోంది.

ఈ మధ్య మా పెద్దమ్మకు మోకీలు మార్పిడి చేయించాం, రోబోతో. రోబో మా ఎంపికేమీ కాదు, హోర్డింగుది. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద ఇప్పుడు సినిమా హీరోల కంటే రోబోలే ఎక్కువ కనిపిస్తున్నాయి. మా అన్నయ్య అది చూసి "మన అమ్మకి తక్కువేంటి" అన్నాడు, ప్యాకేజీ మీద ఇంకొంత కలిసింది. ఆ రాత్రి వార్డులో తమరు ప్రత్యక్షమయ్యారు. పెద్దమ్మ కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయింది కాబట్టి చదివి చెప్పే పని నాకు పడింది. ఆపరేషన్ మధ్యలో రోబో మొరాయిస్తే మామూలు పద్ధతిలోనే పూర్తి చేస్తారట. అప్పుడు రోబో డబ్బులు వెనక్కిస్తారా అన్న విషయంలో తమరు మౌనం వహించారు. పరికరాల కంపెనీ మనిషి థియేటర్లో ఉండవచ్చట. స్కాన్ చిత్రాలూ వివరాలూ పేరు తీసేసి పరిశోధనకు, శిక్షణకు, తదితర అవసరాలకు వాడుకోవచ్చట.

"అమ్మాయ్, ఆ రోబో తప్పు చేస్తే ఎవర్ని తిట్టాలి?" అంది పెద్దమ్మ.

"రోబో ఏమీ చేయదు పెద్దమ్మా, చేసేది డాక్టర్ గారే. అది పక్కన ఉండి సాయం చేస్తుందంతే."

"పక్కన ఉండడానికే అంత డబ్బా?"

నర్సమ్మ నవ్వింది. పాపం ఆమె డ్యూటీ దిగే టైమైపోయింది, ఇంకో ముగ్గురి ఫైళ్ళు చంకలో ఉన్నాయి. "అందరూ పెడతారమ్మా, ఏం కాదు" అంటూ స్టాంప్ ప్యాడ్ మూత తీసింది. పెద్దమ్మకు రోషం వచ్చింది. తాను ఏడో తరగతి పాసయ్యానని చెప్పి, పెన్ను లాక్కుని, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసింది. తమరిచ్చిన గడి చాలలేదు. చివరి రెండక్షరాలూ పక్కనున్న "వివరించిన వైద్యుని సంతకం" గడిలోకి వెళ్ళిపోయాయి. పొద్దున ఆ డాక్టర్ గారు వచ్చి చోటు కోసం కాసేపు వెతికి, మార్జిన్‌లో గీసి వెళ్ళారు. ఆయన ఏం వివరించారన్నది వేరే సంగతి.

ఎవర్ని తిట్టాలి అన్న ఆ ప్రశ్న ఎంత పెద్దదో పెద్దమ్మకు తెలియదు, తమరికి తెలుసు. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ, వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌తో సహా, చట్టం దృష్టిలో మందుల కిందే లెక్క. కృత్రిమ మేధను వైద్యంలో ఎలా వాడాలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో మార్గదర్శకాలు కూడా రాసింది. మంచి మాటలే రాసింది, అయితే అవి మార్గదర్శకాలు, చట్టం కాదు. సాఫ్ట్‌వేర్ నీడను చూసి కేన్సర్ అన్నా, కేన్సర్‌ను చూసి నీడ అన్నా, తప్పు అది రాసినవాడిదా, కొన్న ఆసుపత్రిదా, నమ్మిన డాక్టరుదా అనేది ప్రత్యేకంగా తేల్చిన చట్టం లేదు. పాతకాలపు ఇనుప సామానుకే దిక్కు లేకపోయింది. ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీలును దాన్ని తయారుచేసిన కంపెనీ 2010లో ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. అది మన దేశంలో వేలమంది ఒంట్లో ఉంది. వాళ్ళకు పరిహారం ఏ లెక్కన కట్టాలో కేంద్రం తేల్చేసరికి 2018 వచ్చింది. అన్నేళ్ళూ రోగుల తుంట్లు అరిగాయేమో గానీ తమరి మీది సంతకాలు చెక్కుచెదరలేదు.

తమరి వంశచరిత్రలో ఖమ్మం జిల్లా అధ్యాయం ఒకటుంది. తమరు దాన్ని దాచుకున్నా మాకు గుర్తుంది. 2009లో గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. దాన్ని ప్రయోగం అనలేదు, "ప్రదర్శన" అన్నారు. టీకా వేసుకున్నవాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణం కాదన్నారు. టీకా మంచిదే, ప్రపంచమంతా వేస్తోంది, మన పిల్లలకూ వేయించాల్సిందే. అందువల్ల టీకాను ఇక్కడితో వదిలేసి తమరి సంగతికి వద్దాం.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తమరి గుట్టు బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పిల్లలకు మూడు పూటలా అన్నం పెట్టించే వార్డెన్‌కు వాళ్ళ ఒంటి మీద కూడా హక్కు ఉందని తమరికి తోచింది. తల్లిదండ్రులు పోడు వ్యవసాయంలోనో కూలి పనిలోనో ఉంటారు, కబురు పంపాలి, కూర్చోబెట్టాలి, వాళ్ళ భాషలో చెప్పాలి, వాళ్ళు వద్దనే అవకాశం కూడా ఉంది. ఆ చివరిదే అసలు ప్రమాదం. వార్డెన్‌తో ఆ టెన్షన్ ఉండదు, పైనుంచి ఆర్డరు వస్తే చాలు. ఒక పుణ్యాత్ముడు ఒకే పెన్నుతో, ఒకే కూర్చోవడంలో, ఎంతమంది తండ్రులుగా మారిపోయాడో ఊహించుకుంటే దేవుడికి కూడా అసూయ కలుగుతుంది.

ఆ టీకా ఆపేసిన మరుసటి ఏడాదే, 2011లో, పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్ తీసుకొచ్చి మందులు పరీక్షించిన సంగతి బయటపడింది. అక్కడా తమరు హాజరే. ఈ వరస చూసి చివరికి ప్రభుత్వానికే తమరి మీద నమ్మకం పోయింది. ప్రయోగాల్లో కాగితం ఒక్కటీ చాలదు, వివరించేటప్పుడు వీడియో తీయండి అని 2013 నవంబరులో ఉత్తర్వులిచ్చింది. 2015కల్లా మనసు కరిగి, అందరికీ అక్కర్లేదు, బలహీన వర్గాలవాళ్ళకు, అదీ సరికొత్త మందులైతేనే తీయండి అని సడలించింది. తమరి పలుకుబడి సామాన్యమైంది కాదు.

కోర్టులో మాత్రం తమరు పెద్దగా నెగ్గరు. అది తమరి యజమానులకు ఎందుకు అర్థం కాదో నాకు అంతుపట్టదు. ఢిల్లీలో ఒకావిడ కడుపులో గొట్టం వేసి చూడడానికి మాత్రమే సంతకం పెట్టింది. మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లితో ఇంకో సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు, పరీక్షకు ఒప్పుకుంటే చికిత్సకు ఒప్పుకున్నట్టు కాదు, ప్రాణం మీదకు రానప్పుడు మెలకువ వచ్చాక ఆమెనే అడగాలి, తల్లి సంతకం చెల్లదు అని తేల్చింది. జబ్బేమిటి, చేసేదేమిటి, వేరే దారులేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాకే సంతకం అంది. ఇంత స్పష్టంగా చెప్పినా ఆపరేషన్ పేరు రాసే గీత ఇప్పటికీ ఖాళీగానే ఉంటోంది. పేషెంట్‌కు ఏమీ చెప్పరు, రేపు డాక్టరు మీద కేసు పడితే అతన్నీ కాపాడరు, అయినా తమరి ఉద్యోగానికి ఢోకా లేదు.

సికింద్రాబాద్ కథ చెబితే తమరికి కోపం వస్తుందేమో. అద్దెగర్భం పేరుతో డబ్బు తీసుకునే వ్యాపారాన్ని 2021 చట్టం నిషేధించింది కదా. 2025 జులైలో అక్కడి ఒక ఫెర్టిలిటీ సెంటర్ మీద కేసు నమోదైంది. మీ బిడ్డే అని చెప్పి లక్షలు తీసుకుని చేతిలో పెట్టిన బిడ్డకు, ఆ దంపతులకు రక్తసంబంధం లేదని డీఎన్ఏ పరీక్షలో తేలిందని పోలీసులు చెప్పారు. ఒక కొత్త టెక్నాలజీ పేరుతో జరిగిన మోసాన్ని ఇంకో కొత్త టెక్నాలజీ పట్టించింది. మధ్యలో కాగితాలన్నీ సక్రమంగానే ఉండి ఉంటాయి. తమ జాతి ఎప్పుడూ సక్రమంగానే ఉంటుంది.

ఇప్పుడు తమరు ఫోన్‌లోకి కూడా దిగారు. అక్కడ ఫైలు మడత పెట్టే శ్రమ కూడా లేదు, చిన్న గడిలో టిక్కు కొడితే చాలు. కోవిడ్ టీకా సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే దాంతోపాటు హెల్త్ ఐడీ నంబరు కూడా ఊడిపడింది చాలామందికి. కావాలని అడిగినట్టు ఎవరికీ గుర్తులేదు. స్వచ్ఛందం అన్నారు, సరే. ఫోన్‌లో డాక్టరును మనమే పిలిస్తే ఒప్పుకున్నట్టేనని 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు చెప్పాయి, అదీ సరే. యంత్రం సొంతంగా మందు రాయకూడదని కూడా అవే చెప్పాయి, అందుకు దండం. ఇచ్చిన సమాచారం ఎంత భద్రమో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను హ్యాకర్లు పట్టేసినప్పుడు దేశమంతా చూసింది. మళ్ళీ చేత్తో చీటీలు రాసుకుంటూ రోజుల తరబడి నెట్టుకొచ్చారు.

ఇంతకీ అసలు కబురు ఇది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఏమందో తమరు విన్నారా? మనిషి సమ్మతి అడిగేటప్పుడు సులువైన మాటల్లో అడగాలట. ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చూసుకునే వీలు ఇవ్వాలట. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది, నేను చూసుకున్నాను. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవాటికి మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు. పుట్టినప్పటినుంచి ఇంగ్లిష్‌లోనే బతికారు, తెలుగు నేర్చుకోవడానికి ఆమాత్రం వ్యవధి ఇవ్వాలి కదా. నేర్చుకునేటప్పుడు దయచేసి "శస్త్రచికిత్సానంతర ఉపద్రవముల సంభావ్యత" లాంటిది నేర్చుకోకండి. దానికంటే ఇంగ్లిషే నయం.

డాక్టర్ల మీద నాకు కోపం లేదు. పొద్దుట్నుంచీ ఓపీలో వందమందిని చూసి, ఆపరేషన్లు చేసి, మధ్యలో బంధువుల దెబ్బలు కూడా కాచుకోవాల్సిన మనిషి, పది నిమిషాలు కూర్చుని మోకీలు గురించి ముచ్చట చెప్పాలంటే కష్టమే. ఆ పది నిమిషాలకు బిల్లులో పద్దు లేదు. రోబోకి ఉంది, గ్లవుజులకు ఉంది, తమరిని జెరాక్స్ తీసినందుకు కూడా "డాక్యుమెంటేషన్ ఛార్జీలు" అని ఉంది. వివరించినందుకు రుసుము అని ఒక్క లైను పెట్టమనండి, ఇన్సూరెన్సువాళ్ళు ఇవ్వకపోతే మేమే ఇచ్చుకుంటాం.

వచ్చే నెల పెద్దమ్మ రెండో మోకాలికి వస్తోంది. ఈసారి కళ్ళద్దాలు సంచీలో ముందే పెట్టుకుంది. పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాణ్ణి కూడా వెంటబెట్టుకొస్తానంటోంది, ఇంగ్లిష్ చదివి చెప్పడానికి. ప్రతి పేజీ వినిపించాకే సంతకమట. తదితర అవసరాలు ఏమిటో విడివిడిగా రాయించుకుంటుందట. రోబో మొరాయిస్తే డబ్బు వెనక్కివ్వాలని మార్జిన్‌లో తానే రాస్తుందట. నైట్ డ్యూటీ నర్సమ్మకు ఈ సంగతి ముందుగానే చెప్పి ఉంచగలరు. సాక్షిగారిని కూడా ఆ పూటకి వార్డులోనే ఉండమనండి.

ఇట్లు,
పేషెంట్ తాలూకు