1976 పేరు చెబితే ఎండ తగ్గదు

బ్రిటన్‌లో ఎండ 30 డిగ్రీలు దాటితే చాలు, ‘1976లో చూడని ఎండా ఇది?’ అనే మాట మొదలవుతుంది. ఆ ఏడాది ఎండ మండిపోయిన మాట నిజమే. జూన్ 23 నుంచి జులై 7 దాకా 15 రోజులు వరసగా ఇంగ్లండ్‌లో ఎక్కడో ఒకచోట 32 డిగ్రీలు దాటింది. కరవు చట్టం తెచ్చారు. క్రీడల మంత్రి డెనిస్ హోవెల్‌కే కరవు బాధ్యతా అప్పగించారు. ఆ తర్వాత కొద్ది రోజులకే వానలు దంచికొట్టాయి. చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, ఇప్పటి ఎండకు అది జవాబు కాదు.

1976లో గరిష్ఠం చెల్టెన్‌హామ్‌లో 35.9 డిగ్రీలు. అది అప్పటికే రికార్డు కాదు. 1911లో రౌండ్స్ అనే ఊళ్లో నమోదైన 36.7ను అది అందుకోలేదు. ఆ 1911 రికార్డు చెదరడానికి 79 ఏళ్లు పట్టింది. 1990లో పోయింది. తర్వాత 2003లో, 2019లో, మళ్లీ మూడేళ్లకే 2022 జులై 19న కోనింగ్స్‌బీలో 40.3తో రికార్డులు మారుతూ వచ్చాయి. 2025 వేసవి దేశ సగటు 16.1 డిగ్రీలు. దాంతో అత్యంత వేడి వేసవుల మొదటి అయిదు స్థానాల్లోంచి 1976 జారిపోయింది.

మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రత లెక్కలు 1659 నుంచీ ఉన్నాయి కదా, అందులో 1976 వేసవి సగటు 17.8 సామాన్యమైన అంకె కాదు కదా అంటారు. కాదు, ఒప్పుకోవాల్సిందే. అయితే ఆ ఏడాది ప్రపంచ సగటు చల్లగానే ఉంది. బ్రిటన్ నెత్తిన అధిక వాయుపీడనం కదలకుండా తిష్ఠ వేయడం వల్ల పడిన ఎండ అది. ఇప్పుడు అలాంటి పీడనం కిందనున్న గాలే ముందుగా వేడెక్కి ఉంటోంది.

పగటి గరిష్ఠం పట్టుకుని వాదించేవాళ్లు రాత్రిని మరిచిపోతారు. అత్యంత వేడి రాత్రి రికార్డు అంతవరకూ 1990లో బ్రైటన్‌లో నమోదైన 23.9. 2022 జులైలో కొన్నిచోట్ల రాత్రంతా 25కు దిగలేదు. చలిని ఆపడానికి కట్టిన ఇటుక ఇళ్లు పగలు తాగిన వేడిని రాత్రి లోపలికే వదులుతాయి. కిటికీకి బయట తలుపు రెక్కలుండవు, లోపల కర్టెనే. అద్దం దాటి వచ్చేసిన ఎండను కర్టెన్ ఏం ఆపుతుంది? అన్నింటికన్నా పైకప్పు కిందున్న అటక గది ఘోరం. అద్దె తక్కువని మన విద్యార్థులు చేరేదీ తరచూ అందులోనే. అక్కడున్నవాళ్లు పొద్దున్నే ఎండ పడే కిటికీలు మూసి, బయటి గాలి లోపలికన్నా చల్లబడ్డాకే తెరవాలి. గదిలో 35 దాటాక ఫ్యాను వేడిగాలే కొడుతుంది.

రైలు పట్టాల సంగతీ అంతే. వెల్డింగ్‌తో కలిపేసిన పట్టాలను అక్కడ 27 డిగ్రీల దగ్గర ఒత్తిడి లేకుండా ఉండేలా బిగిస్తారు. గాలి 30 ఉంటే ఎండలో పట్టా 50కి చేరుతుంది. ఉక్కు సాగాలి, సాగే చోటు లేదు, పక్కకు వంగుతుంది. అందుకే రైళ్ల వేగం తగ్గిస్తారు, కీలకమైన చోట్ల పట్టాలకు తెల్లరంగు వేస్తారు. దాంతో 5 నుంచి 10 డిగ్రీలు తగ్గుతుంది. ఇంకా ఎక్కువ వేడికి తగ్గట్టు బిగిద్దామంటే చలికాలంలో ముడుచుకుని విరిగే ప్రమాదం.

‘40కే ఇంత గోలా? రెంటచింతల వచ్చి చూడమనండి’ అని ఇక్కడ మనవాళ్లు వేసే జోకులు కూడా 1976 వాదన లాంటివే. మనం ఎండను ఓర్చుకుంటున్నది ఒళ్లు గట్టిదై కాదు, వేళలు మార్చుకుని. మార్చి వస్తే ఒంటిపూట బడులు. ఉపాధి హామీ పని పొద్దున్నే మొదలు. ఇంగ్లండ్‌లో జులై మూడో వారం దాకా బడి మధ్యాహ్నమంతా నడుస్తుంది. ఆఫీసులో 16 డిగ్రీలకు, ఒంటి శ్రమ ఉన్నచోట 13కు తగ్గకూడదని చెప్పిన మార్గదర్శకాలున్నాయి. వేడికి మాత్రం చట్టంలో గరిష్ఠ హద్దు అంకె లేదు. 2022 వేసవి వేడికి ఇంగ్లండ్‌లో దాదాపు 3,000 మంది చనిపోయారని ఆ దేశ ఆరోగ్య సంస్థే లెక్కగట్టింది. కొత్త ఇళ్లు వేడెక్కకుండా కట్టాలనే నిబంధన అదే ఏడాది జూన్‌లో వచ్చింది. పాత ఇళ్లకు అది వర్తించదు. జనంలో ఎక్కువమంది ఉన్నది వాటిలోనే.