మావయ్య పక్కకి ఒరిగిన అంబాసిడర్

పాత కారుకి ఏదైనా పార్టు కొత్తగా చేయించాక తేడా వస్తే, అనుమానం ఆ పార్టు మీద తప్ప అన్నిటి మీదా పడుతుంది. దానికి డబ్బులిచ్చాం కాబట్టి అది నిర్దోషి.

మాది 1984 అంబాసిడర్. వెనక కమాన్ కట్టలు, అంటే కారు బరువు మోసే వంపు తిరిగిన ఉక్కు పట్టీల దొంతరలు, దిగిపోతే, విజయనగరంలో ఒక పట్టీల షాపులో వంపు తెప్పించి, నల్లరంగు వేసి బిగించారు. చూస్తే అంబాసిడర్లు తయారైన ఉత్తరపాడా ఫ్యాక్టరీ నుంచి అప్పుడే దిగినట్టున్నాయి. ఆదివారం మావయ్యనీ అత్తయ్యనీ ఎక్కించుకుని రామతీర్థం బయల్దేరాం. నెల్లిమర్ల చేరకముందే కారు ఎడమకి ఒరిగింది. గతుకు వస్తే చాలు, కింద ధబ్‌మని చప్పుడు. వెనకే రబ్బరు రాసుకున్న వాసన.

మొదటి ముద్దాయి మావయ్య. ఎడమవైపు కూర్చున్నారు, మనిషి కూడా కాస్త భారీ. నాన్న ఆయన్ని కుడివైపుకి మార్చారు. కారు మాత్రం ఎడమకే.

"నన్నయితే జరిపీసినావు. మీ చెల్లినేటీ అనవేటి బావా?" అన్నారు మావయ్య.

అత్తయ్య చూసిన చూపుకి ఆ విచారణ అక్కడితో ఆగింది. తర్వాత టైర్లలో గాలి, ఆపైన రోడ్డు, చివరికి డిక్కీలో ఆవకాయ జాడీ వంతు. జాడీని అత్తయ్య ఒళ్లో పెట్టుకున్నారు.

మర్నాడు మా పాత మెకానిక్ కారు ఖాళీ చేయించి, చదును నేల మీద నిలబెట్టి, నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు పక్కలా టేపు పట్టాడు. ఎడమవైపు బాగా తక్కువ. కిందికి దూరి చూస్తే కుడి కట్ట విల్లులా ఉంది, ఎడమ దాని పెద్ద పట్టీలో వంపు దాదాపు లేదు.

పట్టీని ఎర్రగా కాల్చి వంచాక వేడి మీదే ఆయిల్లో ముంచాలట. మళ్లీ కొంచెం కాక చూపించాలట. లేకపోతే బల్ల మీద వంపు చక్కగానే కనిపిస్తుంది గానీ బరువు పడగానే పోతుంది.

"ఇది ఆయిల్ మొహం చూడలేదు బాబూ, గాలికి వదిలీసారు. టీ టైమయ్యుంటాది" అన్నాడు.

షాపతను గొడవ చేయకుండా ఎడమది మళ్లీ చేసిచ్చాడు. ఈసారి ఆ పక్క లేచి, కారు కుడికి ఒరిగింది. అదేమిటని అడిగితే నవ్వాడు.

"కంగారు పడకండి బాబూ. రెండ్రోజులు తిరిగితే అదే దిగిపోతాది."