మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లను మూల కూర్చోబెట్టడం ఆపండి

"గుజ్జు అరిగిపోయిందమ్మా. మెట్లెక్కకు, ఎక్కువ నడవకు, కింద కూర్చోకు." మోకాళ్ల నొప్పులని వెళ్లిన పెద్దవాళ్లలో ఎంతమందిని ఈ మాటలు చెప్పి పంపేస్తున్నారో! చేతికి స్కానింగ్ చీటీ, గుజ్జు కోసమంటూ నెలనెలా కొనాల్సిన గ్లూకోసమైన్ మాత్రలు ఇస్తారు. వ్యాయామం గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఇది చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

మా పెద్దమ్మకు ఇదే జరిగింది. వాడేకొద్దీ ఇంకా అరుగుతాయని ఒక డాక్టరుగారు భయపెట్టారు. ఆవిడ గుడికి వెళ్లడం మానేసింది, కూరగాయలకు వెళ్లడం మానేసింది. బరువు పెరిగింది, షుగర్ పెరిగింది, తొడల్లో సత్తువ పోయింది. ఇప్పుడు సోఫాలోంచి లేవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అరుగుదల కన్నా ఆ భయమే ఆవిడను ఎక్కువ కుంగదీసిందని నా గట్టి నమ్మకం.

మోకాలు బండి టైరు కాదు, తిరిగినకొద్దీ అరిగిపోవడానికి. ఆ గుజ్జుకు రక్తనాళాలు ఉండవు. నడిచేటప్పుడు బరువు పడి, మళ్లీ తగ్గుతూ ఉంటేనే కీలులోని ద్రవం నుంచి దానికి పోషణ సరిగ్గా అందుతుంది. తొడ కండ బలంగా ఉంటే కీలుకు ఆసరా. బరువు ఒక్క కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుంది.

ఇది నా సొంత వైద్యం కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో కీళ్ల అరుగుదల ఉన్న అందరికీ వ్యాయామం చేయించమంది. గ్లూకోసమైన్ ఇవ్వొద్దంది, కీలులోకి ఇచ్చే హయలురోనిక్ ఇంజెక్షన్లూ వద్దంది. 45 దాటినవాళ్లలో లక్షణాలు మామూలుగా ఉంటే స్కానింగ్ లేకుండానే జబ్బు నిర్ధారించవచ్చంది. డెన్మార్క్‌లో 2013 నుంచి గ్లాడ్ అనే కార్యక్రమం నడుస్తోంది. ఫిజియోథెరపిస్టు ముందు జబ్బు గురించి వివరంగా చెప్పి, తర్వాత ఆరు వారాల్లో 12 సార్లు దగ్గరుండి వ్యాయామాలు చేయిస్తారు.

"వ్యాయామం చేస్తే నొప్పి వస్తోంది కదా" అంటారు. వస్తుంది, మొదట్లో కాస్త పెరుగుతుంది కూడా. ఓర్చుకోగలిగేంతే ఉండి, మర్నాటికి మామూలు స్థాయికి వస్తే భయం లేదు. తగ్గకపోతే మోతాదు తగ్గించాలి, మానేయక్కర్లేదు. మోకాలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, జ్వరం ఉన్నా, దెబ్బ తగిలినా, మోకాలు కదలకుండా పట్టేసినా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అది వేరే సంగతి.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. మాత్రకు పూటకెన్ని, ఎన్నాళ్లని రాస్తారు కదా, వ్యాయామానికీ అలాగే రాయండి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎన్నిసార్లు, వారానికి ఎన్ని రోజులు, ఎప్పుడు పెంచాలి అన్నీ చీటీలో ఉండాలి. బాగా ముదిరితే ఆపరేషన్ అవసరం కావచ్చు, కాదనను. కానీ ఆపరేషన్ అయ్యాక కూడా వెంటనే లేపి నడిపించేదీ, తొడ కండకు కసరత్తు చేయించేదీ మీరే. అదే పని నాలుగేళ్ల ముందు ఎందుకు చేయించరు?